గిట్ ప్రవేశ వివరాల తిరస్కరణ సూచనలు

గిట్ ప్రవేశ వివరాల తిరస్కరణ సూచనలు అనగా, గిట్ అను కూర్పుల నియంత్రణ సాఫ్ట్‌వేరు ముందుగా దాచి ఉంచిన వాడుకరి పేరు, సంకేతపదం లేదా టోకెనును దూరపు సర్వరు అంగీకరించనప్పుడు వాడుకరికి కనిపించే దోష సందేశాలు మరియు వాటితో పాటు వచ్చే సలహా వాక్యాలు. సంకేతపదాన్ని వాడుకరి స్వయంగా టైపు చేసినపుడు అది తప్పయితే, తప్పు ఎక్కడ జరిగినదో అతనికి వెంటనే తెలుస్తుంది. దాచి ఉంచిన సంకేతపదాన్ని అతని తరఫున ఒక ప్రోగ్రాము సర్వరుకు సమర్పించినపుడు అట్లా కాదు. తాను ఏమీ టైపు చేయలేదు, అయినా "ప్రవేశ ధృవీకరణ విఫలమైనది" అన్న సందేశం వస్తుంది. ఏ సంకేతపదం వెళ్ళినది, ఎక్కడి నుండి వెళ్ళినది, ఎందుకు చెల్లలేదు అన్న మూడు విషయాలూ తెలియకపోతే వాడుకరి దానిని సరిదిద్దుకొనలేడు. కావున ఈ సందేశాల స్పష్టతకు ఆచరణలో చాలా ప్రాధాన్యత ఉన్నది.

ఈ సమస్యలో ముఖ్యమైన అంశం ఒకటి ఉన్నది. సంకేతపదం ఎందుకు చెల్లలేదో సర్వరుకు మాత్రమే తెలుస్తుంది. అది ఎక్కడి నుండి వచ్చినదో వాడుకరి కంప్యూటరుకు మాత్రమే తెలుస్తుంది. ఈ రెండు సగాలూ కలిసినపుడే సందేశం ఉపయోగపడే సూచన అవుతుంది.

నేపథ్యం

గిట్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో లినక్స్ కెర్నెల్ అభివృద్ధి కొరకు ప్రారంభించాడు. అదే సంవత్సరం జూలై నుండి జూనియో హమానో దాని నిర్వహణ బాధ్యతను స్వీకరించాడు. గిట్‌లో ప్రతి వాడుకరి వద్దా రిపాజిటరీ యొక్క పూర్తి ప్రతి ఉంటుంది. కనుక మార్పులు చేయుట, వాటిని నమోదు చేయుట, పాత కూర్పులను చూచుట వంటి పనులకు ఎవరి అనుమతీ అవసరం లేదు. తన మార్పులను దూరపు సర్వరుకు పంపునపుడు లేదా బహిరంగం కాని రిపాజిటరీ నుండి మార్పులను తెచ్చుకొనునపుడు మాత్రమే ప్రవేశ ధృవీకరణ అవసరమవుతుంది.

దూరపు సర్వరుతో మాట్లాడుటకు సాధారణంగా రెండు మార్గాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది ఎస్‌ఎస్‌హెచ్. ఇందులో సంకేతపదానికి బదులు జంట తాళపుచెవులు వాడతారు. రెండవది హెచ్‌టీటీపీఎస్. ఇందులో వాడుకరి పేరు, సంకేతపదం లేదా టోకెను సర్వరుకు పంపబడతాయి. సర్వరుతో పని పడిన ప్రతిసారీ వీటిని టైపు చేయుట విసుగు పుట్టించే పని. అందువలన వీటిని దాచి ఉంచి, అడిగినపుడు అందించే ఏర్పాటు అవసరమైనది. ఈ వ్యాసం ప్రధానంగా రెండవ మార్గానికి సంబంధించినది.

సహాయక ప్రోగ్రాములు

ప్రవేశ వివరాలను దాచే పనిని గిట్ తానే చేయదు, "క్రెడెన్షియల్ హెల్పర్" అను సహాయక ప్రోగ్రాములకు అప్పగిస్తుంది. ఈ ఏర్పాటు 2012 జనవరిలో వెలువడిన గిట్ 1.7.9 కూర్పుతో వచ్చినది. దీని రూపకల్పనలో జెఫ్ కింగ్‌ది ప్రధాన పాత్ర. ముఖ్యమైన సహాయకులు ఇవి:

* క్యాష్: వివరాలను కంప్యూటరు జ్ఞాపకంలో మాత్రమే, కొంతసేపు ఉంచుతుంది. వేరుగా చెప్పనిచో 900 సెకండ్ల తరువాత, అనగా 15 నిమిషాలకు, మరచిపోతుంది.
* స్టోర్: వివరాలను వాడుకరి హోమ్ డైరెక్టరీలోని ఒక ఫైలులో మామూలు అక్షరాలలోనే వ్రాసి ఉంచుతుంది. ఆ ఫైలును ఇతర వాడుకరులు చదవకుండా ఫైలు అనుమతులు మాత్రమే కాపాడతాయి. గుప్తీకరణ లేదు, గడువు కూడా లేదు.
* ఓఎస్‌ఎక్స్ కీచెయిన్: మ్యాక్ కంప్యూటర్లలోని కీచెయిన్‌లో వివరాలను భద్రపరుస్తుంది.
* విన్‌క్రెడ్: విండోస్‌లోని క్రెడెన్షియల్ మేనేజరులో భద్రపరుస్తుంది.
* లిబ్‌సీక్రెట్: లినక్స్‌లో గ్నోమ్ వంటి డెస్క్‌టాప్‌ల రహస్యాల పెట్టెను వాడుకొంటుంది.
* గిట్ క్రెడెన్షియల్ మేనేజర్: బ్రౌజరు ద్వారా ప్రవేశించే సదుపాయాన్ని కల్పిస్తుంది. గిట్ ఫర్ విండోస్‌తో పాటు లభిస్తుంది.

ఒకే కంప్యూటరులో ఒకటి కంటే ఎక్కువ సహాయకులు ఉండవచ్చు. యావత్తు కంప్యూటరుకు వర్తించే అమరిక, ఒక వాడుకరికి వర్తించే అమరిక, ఒక్క రిపాజిటరీకి వర్తించే అమరిక అని గిట్‌లో అమరికలు మూడు స్థాయిలలో ఉంటాయి. ఒక్కొక్క స్థాయిలో ఒక్కొక్క సహాయకుడిని పేర్కొనవచ్చు. వాడుకరి ఎన్నడూ ఎంచుకొనని సహాయకుడు కూడా గిట్‌ను స్థాపించినపుడే యావత్తు కంప్యూటరు స్థాయిలో చేరి ఉండవచ్చు. తన సంకేతపదం దాచబడినదన్న సంగతి చాలామంది వాడుకరులకు తెలియకపోవుటకు ఇదొక కారణం.

పనిచేసే విధానం

గిట్‌కు, సహాయకులకు మధ్య జరిగే సంభాషణ చాలా సరళమైనది. ప్రోటోకాల్, సర్వరు పేరు, వాడుకరి పేరు, సంకేతపదం వంటి అంశాలను వరుసకు ఒకటి చొప్పున, పేరు, సమాన గుర్తు, విలువ అన్న క్రమంలో వ్రాసి పంపుకొంటాయి. గిట్ వైపు నుండి చూస్తే ఈ పని మూడు దశలుగా ఉంటుంది.

* నింపుట: సర్వరు ప్రవేశ వివరాలు అడిగినపుడు గిట్ ఒక్కొక్క సహాయకుడిని వరుసగా అడుగుతుంది. వాడుకరి పేరు, సంకేతపదం రెండూ దొరికిన వెంటనే ఆగిపోతుంది. ఎవరి వద్దా దొరకనిచో వాడుకరినే అడుగుతుంది.
* ఆమోదించుట: సర్వరు ఆ వివరాలను అంగీకరిస్తే, వాటిని దాచుకొమ్మని సహాయకులందరికీ చెబుతుంది.
* తిరస్కరించుట: సర్వరు అంగీకరించనిచో, వాటిని చెరిపివేయమని సహాయకులందరికీ చెబుతుంది.

మూడవ దశలో ఒక విశేషం గమనించదగినది. దాచిన సంకేతపదాన్ని సర్వరు కాదన్నపుడు గిట్ దానిని చెరిపించి, దోష సందేశం చూపి ఆగిపోతుంది. అదే ప్రయత్నంలో వాడుకరిని కొత్త సంకేతపదం అడగదు. వాడుకరి అదే ఆదేశాన్ని రెండవసారి ఇచ్చినపుడు, దాచినది ఏదీ లేదు కనుక, అప్పుడు అడుగుతుంది. అనగా మొదటిసారి వైఫల్యం, రెండవసారి ప్రశ్న. ఈ క్రమం తెలియని వాడుకరి మొదటి సందేశం చూచి తన ఖాతా పోయినదనుకొనవచ్చు, లేదా రిపాజిటరీలో ఏదో పాడైనదనుకొనవచ్చు. "పాత సంకేతపదాన్ని చెరిపివేశాను, మరల ప్రయత్నించండి" అన్న ఒక్క వాక్యం ఆ సందేశంలో ఉంటే ఈ అపోహకు తావు ఉండదు.

సర్వరు జవాబులలో భేదాలు

హెచ్‌టీటీపీలో సర్వరు తన జవాబును మూడంకెల సంఖ్యతో మొదలుపెడుతుంది. ప్రవేశానికి సంబంధించి మూడు సంఖ్యలు ముఖ్యమైనవి.

401: నీవు ఎవరో నిర్ధారణ కాలేదు అని దీని అర్థం. ఈ సంఖ్యకు ప్రమాణంలో ఉన్న ఆంగ్ల నామం "అనధికృతం" అన్న అర్థాన్ని ఇచ్చినా, ఇది అధికారానికి సంబంధించినది కాదు, గుర్తింపుకు సంబంధించినది. ఏ పద్ధతిలో ప్రవేశించవచ్చో తెలిపే ఒక శీర్షికను సర్వరు దీనితో పాటు తప్పక పంపాలని ప్రమాణం చెబుతున్నది. గిట్ దాచిన వివరాలను చెరిపించేది ఈ జవాబు వచ్చినపుడే.

403: నీవు ఎవరో తెలిసినది, కానీ నీకు ఈ పనికి అనుమతి లేదు అని దీని అర్థం. ఈ జవాబు వచ్చినపుడు గిట్ దాచిన వివరాలను చెరపదు. ఒక విధంగా ఇది సరియైనదే, ఎందుకనగా ఆ సంకేతపదం చెల్లేదే. కానీ ఒకే కంప్యూటరులో ఇద్దరి ఖాతాలు లేదా ఒకరివే రెండు ఖాతాలు ఉన్నచోట, తప్పు ఖాతా వివరాలు వెళ్ళినపుడు కూడా ఇదే జవాబు వస్తుంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా అవే వివరాలు వెళ్తాయి, అదే జవాబు వస్తుంది.

404: అటువంటిది ఇక్కడ లేదు అని దీని అర్థం. అయితే రహస్యంగా ఉంచవలసిన వస్తువు ఉన్నదన్న సంగతిని కూడా దాచదలచిన సర్వరు 403కు బదులు 404 ఇవ్వవచ్చునని హెచ్‌టీటీపీ ప్రమాణం అనుమతిస్తున్నది. గిట్‌హబ్ ఈ పద్ధతినే పాటిస్తుంది. తనకు అనుమతి లేని రహస్య రిపాజిటరీని అడిగిన వాడుకరికి "రిపాజిటరీ కనబడలేదు" అని జవాబు వస్తుంది. నిజానికి చిరునామా తప్పు కాకపోవచ్చు. దాచిన పాత ఖాతా వివరాలే అసలు కారణం కావచ్చు.

ఈ విధంగా ఒకే మూలకారణం మూడు వేర్వేరు సందేశాలుగా కనిపించగలదు, మూడు వేర్వేరు కారణాలు ఒకే సందేశంగానూ కనిపించగలవు.

సర్వరు పంపే సలహా

సర్వరు సంఖ్యతో పాటు కొంత వచనాన్ని కూడా పంపగలదు. ఆ వచనం మామూలు పాఠ్యరూపంలో ఉంటే గిట్ దానిని వాడుకరికి చూపుతుంది. ప్రతి వరుసకు ముందు "రిమోట్" అన్న మాట ఉంచుతుంది. ఈ సదుపాయం గిట్‌లో 2013లో చేరినది. అంతకు ముందు సర్వరు ఎంత వివరంగా కారణం చెప్పినా వాడుకరికి చేరేది కాదు. నేడు ఉపయోగకరమైన సూచనలు ఎక్కువగా ఈ దారిన వచ్చేవే. "ఫేటల్" అన్న మాటతో మొదలయ్యే వరుస గిట్ చెప్పినది, "రిమోట్" అన్న మాటతో మొదలయ్యే వరుసలు సర్వరు చెప్పినవి అని వాడుకరి గుర్తుంచుకొంటే సందేశాన్ని చదువుట సులభమవుతుంది. గిట్ తన సొంత సందేశాలను అనువాదం ఉన్న భాషలలో చూపగలదు. సర్వరు చెప్పిన వరుసలు మాత్రం సర్వరు ఏ భాషలో పంపితే ఆ భాషలోనే ఉంటాయి.

2021 నాటి గిట్‌హబ్ మార్పు

ఇటువంటి సూచనల విలువ విస్తృతంగా తెలిసివచ్చిన సందర్భం 2021లో వచ్చినది. హెచ్‌టీటీపీఎస్ ద్వారా జరిగే గిట్ పనులకు ఖాతా సంకేతపదాన్ని అంగీకరించుట ఆపివేస్తామని గిట్‌హబ్ 2020 డిసెంబరులో ప్రకటించినది. 2021 జూన్ 30, జూలై 28 తేదీలలో కొన్ని గంటల పాటు ముందస్తుగా నిలిపివేసి చూపినది. 2021 ఆగష్టు 13 నుండి శాశ్వతంగా ఆపివేసినది. సంకేతపదానికి బదులు వ్యక్తిగత ప్రవేశ టోకెను లేదా ఎస్‌ఎస్‌హెచ్ తాళపుచెవి వాడవలసి వచ్చినది.

ఆ మరునాడు పుష్ చేసిన వాడుకరి దృష్టిలో తాను ఏమీ మార్చలేదు. అతని సంకేతపదం సరియైనదే, వెబ్‌సైటులో దానితో ప్రవేశించగలడు కూడా. కీచెయిన్‌లోనో క్రెడెన్షియల్ మేనేజరులోనో ఎప్పుడో దాచిన ఆ సంకేతపదాన్ని సహాయకుడు యథాప్రకారం సమర్పించాడు, సర్వరు తిప్పికొట్టినది. గిట్ స్వయంగా చెప్పగలిగినది "ప్రవేశ ధృవీకరణ విఫలమైనది" అన్న ఒక్క మాట. ఆ ఒక్క మాటే వచ్చి ఉంటే వాడుకరులు సంకేతపదాన్ని మార్చుకొని మరల అదే గోడను ఢీకొనేవారు. అయితే గిట్‌హబ్ సర్వరు తన జవాబులో, సంకేతపదంతో ధృవీకరణ 2021 ఆగష్టు 13న తొలగించబడినదని, దానికి బదులు వ్యక్తిగత ప్రవేశ టోకెను వాడవలెనని తెలిపే వరుసలను పంపినది. ఏమి జరిగినది, ఎప్పటి నుండి, ఇక ఏమి చేయవలెను అన్న మూడింటికీ అందులో జవాబు ఉన్నది.

అయినను ఒక లోటు మిగిలినది. పాత సంకేతపదం తన కంప్యూటరులో ఎక్కడ దాగి ఉన్నదో ఆ సందేశం చెప్పలేదు, చెప్పలేదు కూడా, ఎందుకనగా ఆ సంగతి సర్వరుకు తెలియదు. సహాయకుడు పాతదానిని సరిగా చెరిపినచోట రెండవ ప్రయత్నంలో గిట్ కొత్త వివరాలు అడిగినది. అక్కడ సంకేతపదం అడిగిన చోటనే టోకెనును అతికించవలెనన్న సంగతి తెలియక మరికొందరు తికమకపడ్డారు. సహాయకుడు చెరపనిచోట వాడుకరి తానే వెదకి తొలగించవలసి వచ్చినది.

ఇతర సేవలు, ఇతర సాఫ్ట్‌వేర్లు

బిట్‌బకెట్ క్లౌడ్ 2022 మార్చి 1 నుండి ఇదే విధంగా ఖాతా సంకేతపదాలను ఆపివేసినది. గిట్‌ల్యాబ్ సర్వరు తిరస్కరించునపుడు, ఇచ్చిన సంకేతపదం లేదా టోకెను తప్పు కావచ్చు, లేదా ఖాతాకు రెండంచెల ధృవీకరణ ఉన్నందున టోకెనే వాడవలసి ఉండవచ్చు అని రెండు అవకాశాలనూ కలిపి తెలుపుతుంది. ఏది నిజమో విడదీసి చెప్పకపోయినా వాడుకరికి వెదకవలసిన దిక్కు చూపుతుంది.

గిట్ కంటే పాతదైన సీవీఎస్‌లో సంకేతపదం హోమ్ డైరెక్టరీలోని ఒక ఫైలులో, సులభంగా విప్పదగిన మారురూపంలో ఉండేది. సబ్‌వెర్షన్ కూడా వివరాలను హోమ్ డైరెక్టరీలోని తన ఉపడైరెక్టరీలో దాచుతుంది. సంకేతపదాన్ని మామూలు అక్షరాలలో దాచుటకు ముందు వాడుకరిని అడుగుట 2009లో వచ్చిన సబ్‌వెర్షన్ 1.6తో మొదలైనది. 2015లో వచ్చిన 1.9 కూర్పులో, దాచిన వివరాలను చూచుటకు, తొలగించుటకు "ఆథ్" అను ప్రత్యేక ఆదేశం చేరినది. తిరస్కరణ సందర్భంలో సబ్‌వెర్షన్ ఇచ్చే సందేశాలలో ఒకటి, ఇక ప్రవేశ వివరాలు లేవు లేదా ఎక్కువసార్లు ప్రయత్నించాము అని చెబుతుంది. దాచిన వివరాలను ప్రయత్నించి చూచినట్లు ఈ వాక్యం వలన కొంతవరకు తెలుస్తుంది. మెర్క్యూరియల్‌లో వచ్చే సందేశం "అధికార నిర్ధారణ విఫలమైనది" అన్న అర్థంలో క్లుప్తంగా ఉంటుంది. గుర్తింపు కుదరనప్పుడు కూడా అధికారం అన్న మాట వాడుట వలన, తన అనుమతులు తొలగించారేమోనని వాడుకరి పొరపడే అవకాశం ఉన్నది.

ఎస్‌ఎస్‌హెచ్ మార్గంలో సర్వరు తాళపుచెవిని కాదన్నపుడు గిట్ తన వంతుగా, మీకు సరియైన అనుమతులు ఉన్నవో లేవో, రిపాజిటరీ ఉన్నదో లేదో చూచుకొనండి అని ఒకే వాక్యంలో చెబుతుంది. ఇది సలహా రూపంలో ఉన్నా, ఏ తాళపుచెవి సమర్పించబడినదో అందులో ఉండదు.

తరచుగా ఎదురయ్యే కారణాలు

* సంకేతపదం మార్పు: వాడుకరి వెబ్‌సైటులో సంకేతపదం మార్చుకొన్నాడు, కంప్యూటరులో పాతదే ఉన్నది. ఇంటి తాళం మార్చి, పాత తాళపుచెవి పనివాని చేతిలో ఉంచినట్లు.
* టోకెను గడువు: టోకెన్లకు గడువు తేదీ ఉండవచ్చు. ఒక సంవత్సరం పాటు వాడని వ్యక్తిగత టోకెన్లను గిట్‌హబ్ తానే తొలగిస్తుంది.
* టోకెను పరిధి: టోకెను చెల్లుతుంది, కానీ దానికి చదివే అనుమతి మాత్రమే ఉన్నది. పుష్ చేసినపుడు 403 వస్తుంది.
* రెండు ఖాతాలు: గిట్ సాధారణంగా సర్వరు పేరును బట్టి మాత్రమే వివరాలను వెదకుతుంది, రిపాజిటరీ మార్గాన్ని పట్టించుకోదు. కనుక ఒకే సర్వరులో ఉద్యోగపు ఖాతా, సొంత ఖాతా రెండూ ఉన్నవారికి ఒకదాని బదులు మరొకటి వెళ్ళవచ్చు.
* చిరునామాలోనే సంకేతపదం: కొందరు రిపాజిటరీ చిరునామాలోనే వాడుకరి పేరు, సంకేతపదం వ్రాసి ఉంచుతారు. గిట్ సహాయకులను చెరపమనగలదు గానీ అమరికల ఫైలులోని చిరునామాను మార్చదు. కావున ప్రతిసారీ అదే తిరస్కరణ వస్తుంది. ఇటువంటి చిరునామాల గురించి హెచ్చరించే అమరిక 2022లో వచ్చిన గిట్ 2.37లో చేరినది.
* చెరపని సహాయకుడు: కొందరు సొంతంగా వ్రాసుకొన్న చిన్న సహాయకులు అడిగినపుడు ఇచ్చుట మాత్రమే తెలిసినవి. చెరపమన్న మాటను పట్టించుకోవు.
* మనిషి లేని కంప్యూటర్లు: స్వయంచాలక నిర్మాణ సర్వర్లలో సంకేతపదం టైపు చేయుటకు ఎవరూ ఉండరు. అక్కడ ప్రశ్న అడుగుటను ఆపివేసే అమరిక పెడతారు. అప్పుడు "వాడుకరి పేరు చదవలేకపోయాను, టెర్మినల్ ప్రశ్నలు ఆపివేయబడినవి" అన్న సందేశం వస్తుంది. ఇది చూడ టెర్మినల్ దోషం వలె కనిపించినా, వాడదగిన ప్రవేశ వివరాలు ఏవీ దొరకలేదన్నదే దాని అర్థం.

వీటి వలన కలిగే నష్టం విసుగుతో ఆగదు. తప్పు సంకేతపదంతో పదేపదే ప్రయత్నిస్తే ఖాతాను తాత్కాలికంగా మూసివేసే నియమం చాలా సంస్థలలో ఉంటుంది. వెనుక నుండి తనంతట తానే మార్పులు తెచ్చుకొనే ఎడిటరు పాత సంకేతపదాన్ని మరల మరల పంపితే, వాడుకరి ఏమీ చేయకుండానే అతని ఖాతా మూతపడవచ్చు. అంతకంటే ప్రమాదకరమైనది, దారి తోచని వాడుకరి సులభమార్గంగా సంకేతపదాన్ని చిరునామాలోనే వ్రాయుట, లేదా అవసరానికి మించిన అనుమతులున్న, గడువు లేని టోకెను తయారుచేసుకొనుట. అస్పష్టమైన సందేశం ఈ విధంగా భద్రతా లోపానికి దారితీస్తుంది.

మంచి సూచన లక్షణాలు

పై అనుభవాలను బట్టి ఉపయోగపడే తిరస్కరణ సూచనలో ఈ క్రింది అంశాలు ఉండవలెనని చెప్పవచ్చు.

* ఏ సర్వరు తిరస్కరించినదో, ఏ వాడుకరి పేరుతో ప్రయత్నం జరిగినదో చెప్పుట.
* ఆ వివరాలు టైపు చేసినవా, దాచినవా, దాచినవైతే ఏ సహాయకుడు ఇచ్చినవో చెప్పుట.
* దాచినవి చెరిపివేయబడినవో, ఇంకా ఉన్నవో చెప్పుట.
* గుర్తింపు కుదరలేదా, అనుమతి లేదా అన్న భేదాన్ని పాటించుట.
* వాడుకరి తరువాత చేయవలసిన ఒక పనిని చెప్పుట.
* సంకేతపదాన్ని గానీ టోకెనును గానీ, అందులో కొంత భాగాన్ని గానీ చూపకుండుట.

భద్రతా పరిమితులు

సందేశం ఎంత వివరంగా ఉంటే అంత మేలు అనుకొనరాదు. ప్రవేశించుటకు ప్రయత్నించేది ఖాతాదారుడే కాకపోవచ్చు. "ఆ పేరుతో ఖాతా లేదు", "పేరు సరియే, సంకేతపదం తప్పు" అని విడివిడిగా చెబితే, ఏ పేర్లతో ఖాతాలు ఉన్నవో పరాయివాడు జాబితా తయారుచేసుకొనగలడు. అందువలన సర్వర్లు కావాలనే కొంత అస్పష్టతను పాటిస్తాయి. రహస్య రిపాజిటరీకి 404 ఇచ్చుట కూడా ఈ కోవలోనిదే. ఈ నిర్బంధం సర్వరుకు వర్తించినంతగా వాడుకరి కంప్యూటరుకు వర్తించదు. తన కంప్యూటరులో ఏ సహాయకుడు ఆ వివరాలు ఇచ్చినదో తన తెరపై తనకే చెప్పుట వలన పరాయివానికి తెలిసేది ఏమీ లేదు.

తెరపై కనిపించే వచనాన్ని కూడా గుడ్డిగా నమ్మరాదని రెండు సంఘటనలు నిరూపించినవి. 2020 ఏప్రిల్‌లో సరిదిద్దబడిన సీవీఈ-2020-5260 అను లోపంలో, కుటిలంగా వ్రాసిన చిరునామాలోని వరుస మార్పు గుర్తు వలన ఒక సర్వరుకు చెందిన సంకేతపదం మరొక సర్వరుకు వెళ్ళే ప్రమాదం ఉండేది. 2025 జనవరిలో సరిదిద్దబడిన సీవీఈ-2024-50349 అను లోపంలో, చిరునామాలో దాచిన నియంత్రణ సంకేతాలతో సంకేతపదం అడిగే ప్రశ్న రూపాన్నే మార్చి, వేరే సర్వరు అడుగుతున్నట్లు వాడుకరిని భ్రమింపజేయవచ్చు. ఆ తరువాత గిట్ అటువంటి సంకేతాలను శుభ్రపరచి చూపుతున్నది.

తరువాతి చేర్పులు

గిట్‌కు, సహాయకులకు మధ్య సంభాషణ మొదట చాలా పరిమితంగా ఉండేది. తిరస్కరణ జరిగిన తరువాత చెరుపుట తప్ప, కారణాన్ని పంచుకొనే వీలు లేదు. 2023 మార్చిలో వచ్చిన గిట్ 2.40లో సంకేతపదానికి గడువు సమయాన్ని జతచేసే అంశం చేరినది. దీని వలన గడువు తీరిన టోకెనును సర్వరుకు పంపి తిరస్కరణ పొందుటకు ముందే గిట్ పక్కన పెట్టగలదు. 2023 జూన్‌లో వచ్చిన గిట్ 2.41లో, 401తో పాటు సర్వరు పంపే శీర్షికలోని సమాచారాన్ని సహాయకులకు అందించే ఏర్పాటు, టోకెనును పునరుద్ధరించుకొనుటకు కావలసిన రెండవ టోకెనును దాచే ఏర్పాటు చేరినవి. సర్వరుకు తెలిసిన సగాన్ని వాడుకరి కంప్యూటరులోని సగంతో కలిపే దిశలో ఇవి వేసిన అడుగులు.

వాడుకరి చేయదగినవి

తిరస్కరణ సందేశం వచ్చినపుడు ముందుగా "రిమోట్" వరుసలను చదవవలెను. తరువాత అదే ఆదేశాన్ని ఇంకొక్కసారి ఇచ్చి చూడవలెను. గిట్ వివరాలు అడిగితే పాతవి చెరిగినట్లే. అడగక మరల విఫలమైతే పాతవి ఎక్కడో మిగిలి ఉన్నట్లు. అప్పుడు రిపాజిటరీ చిరునామాలో వాడుకరి పేరు గానీ సంకేతపదం గానీ వ్రాసి ఉన్నదేమో చూడవలెను. గిట్ కాన్ఫిగ్ ఆదేశానికి షో-ఆరిజిన్ ఐచ్ఛికాన్ని చేర్చి అడిగితే, ఏ సహాయకుడు ఏ ఫైలు ద్వారా అమర్చబడినదో తెలుస్తుంది. జిఐటి ట్రేస్ అను పరిసర చలరాశికి 1 అన్న విలువ ఇచ్చి ఆదేశాన్ని నడిపితే, గిట్ ఏ సహాయకుడిని పిలిచినదో తెరపై కనిపిస్తుంది.

సహాయకుడు ఎవరో తెలిసిన తరువాత గిట్ క్రెడెన్షియల్ రిజెక్ట్ ఆదేశానికి ప్రోటోకాల్, సర్వరు పేర్లను రెండు వరుసలుగా ఇచ్చి, ఖాళీ వరుసతో ముగిస్తే పాత వివరాలు చెరిగిపోతాయి. విండోస్‌లో క్రెడెన్షియల్ మేనేజరును, మ్యాక్‌లో కీచెయిన్ యాక్సెస్‌ను తెరచి కూడా తొలగించవచ్చు. గిట్ క్రెడెన్షియల్ ఫిల్ ఆదేశం దాచిన సంకేతపదాన్ని తెరపై ముద్రిస్తుంది. కనుక ఇతరులు చూస్తున్నపుడు దానిని వాడరాదు, దాని ఫలితాన్ని సహాయం కోరుతూ ఎవరికీ పంపరాదు.

రెండు ఖాతాలు ఉన్నవారు చిరునామాలో వాడుకరి పేరును మాత్రం చేర్చుకొనవచ్చు, లేదా రిపాజిటరీ మార్గాన్ని కూడా లెక్కలోనికి తీసుకొనే యూజ్ హెచ్‌టీటీపీ పాత్ అమరికను ఎంచుకొనవచ్చు. సందేశం 403 అయినచో పాత వివరాలు తమంతట తాము చెరగవని గుర్తుంచుకొనవలెను.

ఈ తిరస్కరణ వలన వాడుకరి పనికి నష్టం ఏమీ కలగదు. అతను నమోదు చేసిన మార్పులన్నీ అతని కంప్యూటరులోని రిపాజిటరీలో భద్రంగానే ఉంటాయి. ప్రవేశ వివరాలు సరిచేసుకొన్న తరువాత వాటిని మరల పంపవచ్చు. రిపాజిటరీని తొలగించి మొదటి నుండి తెచ్చుకొనవలసిన అవసరం లేదు. అట్లా చేస్తే ఇంకా పంపని మార్పులు పోతాయి.

ఇవి కూడా చూడండి

* గిట్
* కూర్పుల నియంత్రణ
* గిట్‌హబ్
* సబ్‌వెర్షన్
* హెచ్‌టీటీపీ
* సంకేతపదం
* రెండంచెల ధృవీకరణ